దద్దుర్లకు ముందే నోటిలో తట్టు ఆనవాళ్లు: సకాలంలో గుర్తిస్తే వ్యాప్తికి అడ్డుకట్ట

తట్టు, రుబెల్లా వ్యాధుల నిర్మూలనకు దేశవ్యాప్తంగా కృషి జరుగుతున్న తరుణంలో, వ్యాధిని ఏ రోజున గుర్తిస్తున్నామన్నది కీలకాంశమైనది. ఒంటిపై ఎర్రని దద్దుర్లు కనిపించిన పిమ్మటనే తట్టును అనుమానించడం పరిపాటి. అయితే రోగి నుండి వైరస్ దద్దుర్లకు 4 రోజుల ముందు మొదలుకొని, అవి వెలువడిన 4 రోజుల వరకు ఇతరులకు వ్యాపిస్తుంది. దద్దుర్ల కొరకు వేచి ఉన్నచో వ్యాప్తికాలంలో సగం గడచిపోయినట్లే. రోగికి సన్నిహితంగా మెలిగినవారిలో రోగనిరోధకత లేని ప్రతి 10 మందిలో 9 మందికి ఈ వ్యాధి సోకే అవకాశమున్నది.

తొలి చిహ్నాలు

తట్టు తొలుత తీవ్ర జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడంతో మొదలవుతుంది. రెండు మూడు రోజులలో బుగ్గల లోపలి పొరపై, దవడ పళ్లకు ఎదురుగా, ఎర్రని మచ్చల నడుమ ఉప్పు రవ్వంత తెల్లని చుక్కలు ఏర్పడతాయి. న్యూయార్క్‌కు చెందిన పిల్లల వైద్యుడు హెన్రీ కోప్లిక్ 1896లో వీటిని వివరించినందున ‘కోప్లిక్ మచ్చలు’ అని వ్యవహరిస్తున్నారు. దద్దుర్లకు ఒకటి రెండు రోజుల ముందు కనిపించి, అవి వెలువడిన కొద్ది రోజులకే మాయమవుతాయి. నోటిపూత తెల్లగా పేరుకుని తుడిస్తే ఊడివస్తుంది. ఈ మచ్చలు తుడిచినా పోవు. రోగులందరిలోనూ ఇవి కనిపించవు కనుక, లేనంత మాత్రాన తట్టు కాదని నిర్ధారించరాదు.

72 గంటల ప్రాధాన్యం

రోగితో సంపర్కం కలిగిన 72 గంటలలోపు టీకా వేసినచో, అర్హులైన వారికి వ్యాధి రాకుండా లేదా తీవ్రం కాకుండా కాపాడే అవకాశమున్నది. దద్దుర్లకు రెండు రోజుల ముందే నోటిలో చిహ్నాలను గుర్తిస్తే, ఇంటిలోని ఇతర పిల్లలకు సంపర్కం మొదలై సుమారు 48 గంటలే అయి ఉంటుంది. దద్దుర్ల వరకు ఆగితే 96 గంటలు దాటి, ఆ అవకాశం చేజారుతుంది. టార్చిలైటుతో చేసే ఒక్క నిమిషం పరీక్షకు గల విలువ ఇదే.

సంరక్షణ

ఈ మచ్చలకు ప్రత్యేక చికిత్స అవసరం లేదు. అనుమానిత రోగిని వేరుగా ఉంచి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. తట్టు సోకిన పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో వరుసగా రెండు రోజులు విటమిన్ ‘ఎ’ ఇవ్వాలి. 6 నెలలలోపు వారికి 50 వేలు, 6 నుండి 11 నెలల వారికి 1 లక్ష, ఏడాది దాటిన వారికి 2 లక్షల యూనిట్ల చొప్పున ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. నోటిలో పుండ్లు ఏర్పడితే శుభ్రమైన ఉప్పునీటితో కడిగి, కారం లేని మెత్తని ఆహారం పెట్టాలి. తల్లిపాలు ఆపరాదు. అమ్మవారు పోసిందని భావించి ఆహారం తగ్గించడం, చికిత్సలో జాప్యం చేయడం ప్రమాదకరం. ఆయాసం, మూర్ఛ, పాలు తాగలేకపోవడం, విరేచనాలతో నీరసించడం, కంటిచూపు మసకబారడం, నోటి పుండ్లు లోతుగా మారడం వంటివి కనిపిస్తే తక్షణమే ఆసుపత్రికి తరలించాలి.

టీకాయే శాశ్వత రక్షణ

2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 9 నెలల నుండి 15 ఏళ్లలోపు పిల్లలకు తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం చేపట్టడం జరిగింది. అయినప్పటికీ టీకా అందని పిల్లలు ఒకేచోట అధికంగా ఉంటే వ్యాధి మరల విజృంభించగలదని 2022లో ముంబయిలో ప్రబలిన తట్టు నిరూపించినది. 2026 నాటికి నిర్మూలన లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో జాతీయ ప్రచార కార్యక్రమాన్ని ప్రారంభించినది. 9–12 నెలలలో మొదటి డోసు, 16–24 నెలలలో రెండవ డోసు కనీసం 95 శాతం పిల్లలకు అందినప్పుడే లక్ష్యసాధన సాధ్యం.

జ్వరం, దగ్గు, ఎర్రని కళ్లతో వచ్చే ప్రతి బిడ్డ నోటిని పరిశీలించడం, టీకా వివరాలు విచారించడం క్షేత్రస్థాయి సిబ్బంది నిత్యవిధిలో భాగం కావలసి ఉన్నది.