గురిగింజంత తేడా

నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం చెరువును ఆనుకుని ఉన్న అడవి ఒకప్పుడు నిజాం నవాబుల వేట మైదానం. 1952లో అది అభయారణ్యమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. అయినా తెలంగాణ అడవి పల్లెల్లో ఎక్కడో ఓ చోట నాటు తుపాకీ దొరికిందన్న వార్త అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ తుపాకీలో మందు పడేది అరచేతి అంచనాతో. నిన్న తగిలింది, నేడు తప్పింది అంటే ఆశ్చర్యమేముంది? మందు కాస్త ఎక్కువైతే తప్పేది గురి ఒక్కటే కాదు, గొట్టం పగిలి పట్టుకున్నవాడి చేతివేళ్లే పోవచ్చు.

ఆ అంచనాకు పూర్తిగా ఎదురు కొసన ఇంకో లోకం ఉంది. అమెరికా, ఐరోపాల్లో కొందరు గురికాళ్లు పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారేయరు. ఇంట్లో బల్ల ముందు కూర్చుని మళ్లీ నింపుకుంటారు. డబ్బు మిగులుతుందనే కాదు, కంపెనీ తూటా కంటే తమది ఒకే తీరుగా ఉంటుందని వాళ్ల నమ్మకం. మందును తూచేది గ్రెయిన్లలో. పేరుకు తగ్గట్టే అది గింజ లెక్క. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ దానికి రెండింతలకు కాస్త తక్కువ. ఈ గురికాళ్లు గ్రెయిన్‌లో పదో వంతు తేడా వచ్చినా ఊరుకోరు. అంటే గురిగింజను ఇరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కంటే కొంచెం ఎక్కువ, అంతే!

ఇంత చాదస్తం ఎందుకు? ఇరవై రెండు బోరు పోటీ రైఫిల్‌ను చూద్దాం. తూటా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 50 మీటర్లు చేరేలోపు భూమి దాన్ని 12 సెంటీమీటర్ల దాకా కిందికి లాగేస్తుంది. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి సైటు దానికి తగ్గట్టు బిగిస్తారు. కానీ ఒక తూటా వేగం సెకనుకు పది మీటర్లు తగ్గిందనుకోండి, అది ఏడెనిమిది మిల్లీమీటర్లు ఇంకా కిందికి పోతుంది. ఆ పోటీలో లక్ష్యం మీద ఒక వలయానికీ ఇంకో వలయానికీ మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. చెయ్యి వణకలేదు, కన్ను తప్పలేదు, అయినా దాదాపు ఒక పాయింటు పోయినట్టే.

రోజూ చెంచాడు చక్కెర ఎక్కువ పడే చాయ్‌ను సరిచేయొచ్చు. రోజుకో తీరుగా పడితే ఏం చేస్తాం? తుపాకీదీ అదే లెక్క. ప్రతిసారీ అంగుళం ఎడమకే కొట్టేది మంచి తుపాకీయే, సైటు తిప్పితే దారికొస్తుంది. ఓసారి ఎడమకు, ఓసారి కిందికి కొట్టేదానితోనే తంటా. తప్పు తనదో తూటాదో తెలియక, నేర్చుకునే పిల్లవాడు బాగున్న చేతినే దిద్దుకుంటూ పోతాడు. నెలల సాధన నీళ్లపాలు.

మన దగ్గర ఈ పని ఎవరూ ఇంట్లో సరదాకు మొదలుపెట్టకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. పైగా ఇరవై రెండు బోరు తూటాను మళ్లీ నింపడమూ కుదరదు. నిప్పు పుట్టించే పదార్థం దాని అడుగు అంచులోనే ఉంటుంది, ఒకసారి పేలితే పని అయిపోయినట్టే.

మరి పోటీదారులు ఏం చేస్తారు? తయారు చేయలేరు కాబట్టి ఏరుకుంటారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే డబ్బా అయినా ఒక్కో విడత ఒక్కో తీరు. ఒక రైఫిల్‌కు నచ్చిన విడత పక్క రైఫిల్‌కు నచ్చదు. అందుకే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఎలీ, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా కంపెనీలు పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. రైఫిల్‌ను బిగించి, మనిషి చెయ్యి తగలకుండా, విడత తర్వాత విడత కాల్చి చూస్తారు. రంధ్రాలన్నీ దగ్గరగా పడిన విడతను గురికాడు ఒకేసారి కొని దాచుకుంటాడు.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 జులై 30న లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఫైనల్లో అతని స్కోరు 103.1. స్వర్ణం గెలిచిన రుమేనియా గురికాడు మోల్దోవెయానుదీ 103.1 పాయింట్లే! తేడా అంతా అంతకుముందు జరిగిన అర్హత పోటీలో ఉంది. 60 గుండ్లకు అతనికి 599, నారంగ్‌కు 598. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, వలయాల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క వలయమే.

ఈ ఆటలో మందు లేదు, గాలి ఒత్తిడితో సీసపు గుండు పోతుంది. అయినా ఏరుడు తప్పదు. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని గుండు తల కొలతలు రాసి ఉంటాయి. మిల్లీమీటరులో వందో వంతు తేడాతో మూడు రకాలు కాల్చి చూసి తమ గొట్టానికి కుదిరేది పట్టుకుంటారు. ఇక గుండు అడుగు అంచు పల్చగా, లంగాలా విచ్చుకుని ఉంటుంది. డబ్బా చేతిలోంచి జారి పడిందంటే ఆ అంచులు సొట్టపోతాయి. అలాంటి డబ్బా సాధనకే తప్ప పోటీకి పనికిరాదు.