కొత్త కోచ్‌కు పాతకాపుల తోడు కావాలి

గోదావరిఖని (మా విలేకరి): బొగ్గుబాయిలో కొత్తగా చేరిన మేనేజరు ఎంత చదివినా, పక్కన అనుభవమున్న ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ లేనిదే పని సాగదు. సర్దార్ కర్రతో పైకప్పు తట్టి, ఆ శబ్దం విని అక్కడ నిలబడవచ్చో లేదో చెబుతాడు. ఆ మాట పెడచెవిన పెట్టినవాడిని ఇక్కడ ఎవరూ తెలివైనవాడనరు. మరి ఇదే ప్రాంతంలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టును తొలిసారి చేపట్టే యువ కోచ్ విషయంలో ఈ సంగతి మరచిపోవడం శోచనీయం.

వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకొని వచ్చిన యువకునికి జట్టును అప్పగించడం మంచిదే. చిక్కల్లా సహాయకుల ఎంపికలోనే వస్తోంది. అతని ఈడు స్నేహితులనో, సిఫారసుతో వచ్చినవారినో పెడుతున్నారు. కొన్నేళ్ల క్రితం ఒక కాలేజీ జట్టులో ఈ విలేకరి కళ్లారా చూసిన సంగతి ఇది. కోచ్ కొత్త, సహాయకులిద్దరూ కొత్తే. చీలమండ వాచిన కుర్రవాడిని 'ఏం కాదు' అంటూ రెండో సగంలో మైదానంలోకి దింపారు. వద్దని చెప్పే పెద్దమనిషి ఒక్కరూ లేకపోయారు. గని కార్మికుని కొడుకైన ఆ అబ్బాయి మళ్లీ బూట్లు కట్టలేదు.

ప్రపంచ ప్రఖ్యాత ఆటగాడు బెకెన్‌బావర్‌కు 1984లో పశ్చిమ జర్మనీ జట్టును అప్పగించినప్పుడు ఆయనకు కోచ్‌గా అనుభవం లేదు, లైసెన్సూ లేదు. అందుకే లైసెన్సున్న హోర్స్ట్ కోపెల్‌ను సహాయకునిగా ఇచ్చారు. ఆ జట్టు 1986లో ప్రపంచ కప్ ఫైనల్ చేరింది, 1990లో కప్పు గెలిచింది. అంతటివాడికే తోడు అవసరమైతే మన కుర్ర కోచ్‌కు అక్కరలేదా?

మన హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. జర్నైల్ గోల్ కొట్టాడు. అలాంటి సాహసం ఏళ్ల తరబడి జట్లను నడిపినవారికి చెల్లుతుంది. తొలి ఏడాది కోచ్ చూసి వాత పెట్టుకుంటే పిల్లవాడి కాలు పోతుంది.

సహాయకులుగా ఎవరిని తీసుకోవాలి? కోచ్‌కు రాని పని వచ్చినవారిని. అతను ఫార్వర్డ్‌గా ఆడి ఉంటే గోల్‌కీపర్లకు నేర్పగలవారు కావాలి. దెబ్బలు, ఎండ, నీరు, విశ్రాంతి సంగతి చూసే ఒకరు కావాలి. జట్టును నడిపి, ఓటమి చవిచూసినవారు ఒక్కరైనా ఉండాలి. కోచ్ పొరపడితే చాయ్ హోటల్లో కాక, అతని ముఖం మీదే చెప్పగల ధైర్యం వారికి ఉండాలి.

పెద్దలు పక్కనుంటే యువకుని మాట చెల్లదని కొందరి వాదన. ఈ భయం అర్థం లేనిది కాదు. అందుకే సీజన్ మొదట్లోనే ఎవరి పని ఏమిటో కాగితం మీద రాసుకోవాలి. సలహా అందరిదీ, తుది నిర్ణయం కోచ్‌ది. ఎంపికలోనూ అతని మాటకు విలువ ఇవ్వాలి. కుర్చీ మీద కన్నేసినవారు ఎంత అనుభవజ్ఞులైనా వద్దు.

ఇలాంటివారి కోసం ఎక్కడికో పోనక్కరలేదు. సింగరేణి ఏరియాల మధ్య పోటీల్లో ఆడి, పదవీ విరమణ చేసినవారు ఈ కాలనీల్లోనే ఉన్నారు. సాయంత్రం వేళ గ్రౌండు గట్టున కూర్చుని ఆట చూసి పోతున్నారు. వారిని పిలిచి, దారి ఖర్చులు, కొంత గౌరవ వేతనం ఇస్తే చాలు. కాలేజీల యాజమాన్యాలు ఈ సీజన్‌కైనా ఆ పని చేయాలి. పైకప్పు శబ్దం తెలిసినవారు పక్కనుండగా, పిల్లలను కొత్తవాడి చేతికొదిలి ఊరుకోవడం న్యాయం కాదు.