ఆటస్థలమునకు ఆదాయ మెక్కడ?

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పట్టణములు 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబునగరు జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రములైనవి. కచేరీలు వచ్చినవి, వానితోపాటు ఇండ్ల స్థలముల వెలయు పెరిగినది. వెల పెరిగినకొలదిని పిల్లలు చెడుగుడు ఆడుకొనిన బయళ్లు ప్లాట్లుగా మారుచున్నవి. సాయంకాలము బాలు డెక్కడ పరుగెత్తవలెనను ప్రశ్నకు పురపాలక సంఘములు జవాబు చెప్పవలసియున్నది.

మాకు అధికారము లేదని అవి తప్పించుకొన వీలులేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణచే చేరిన పండ్రెండవ షెడ్యూలు, 12వ అంశమున, ఉద్యానములతోపాటు ఆటస్థలములను పేర్కొనుచున్నది. పల్లెల గతి వేరు. ఆ యేటిదే యైన 73వ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో గ్రంథాలయములు కలవు, సాంస్కృతిక కార్యములు కలవు, సంతలు కలవు. ఆటస్థలమను మాట లేదు. పల్లెవాని దేహమునకు నాగలి చాలునని తలచిరి కాబోలు! అయినను షెడ్యూలులో పేరుండినంత మాత్రమున ధనము రాదు. అధికార మిచ్చుటయు, పన్ను విధింపనిచ్చుటయు రాష్ట్ర శాసనసభ చేతిలోనివే.

2022లో రాష్ట్ర ప్రభుత్వము ఊరూర క్రీడాప్రాంగణములను తలపెట్టెను. తలంపు మంచిదే. ఉపాధిహామీ కూలీలచే నేల చదును చేయించిరి, వాలీబాలు ఖోఖోలకు గీతలు గీయించిరి, బోర్డులు నాటించిరి. కాని చదును చేయుట నాలుగు దినముల పని. కాపాడుట ఏడాది పొడవున సాగు పని. కలుపు తీయువానికి కూలి, చినిగిన వలకు బదులు క్రొత్త వల - వీనికి స్థిరమైన ఆదాయము చూపబడలేదు. పెక్కుచోట్ల సర్కారు బోర్డు క్రింద సర్కారు తుమ్మ మొలచినది. పైగా 2024 ఫిబ్రవరి నుండి 2025 డిసెంబరు వరకు పంచాయితీలలో ఎన్నికైన పాలకవర్గములే లేవు. ఆ కారణమున కేంద్ర ఆర్థిక సంఘపు నిధులును నిలిచినవి. అడుగుదమన్న సర్పంచి లేడు, ఇత్తమన్న పైకము లేదు.

పఠనమందిరమున కూర్చుండి యీ పత్రికను చదువు సోదరులకు ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. వసూలు చేసిన సంఘములు దానిని గ్రంథాలయ సంస్థలకు చెల్లింపక బకాయి పెట్టుట వేరు కథ. హక్కు చట్టమున నున్నది గనుక అడుగుటకు నోరున్నది. 2019 నాటి పురపాలక చట్టము బడ్జెటులో పదవవంతును పచ్చదనమునకు ప్రత్యేకించినది. పుస్తకమునకు పైసలు కలవు, మొక్కకు పాలు కలదు. ఆటకు లేకుండుటకు కారణము మాకు కానరాదు.

ఇంటిపన్నుపై మరియొక భారము వలదందురా, వేరు దారి కలదు. 2016 నాటి 101వ సవరణ రాష్ట్రజాబితాలోని వినోదపు పన్నును స్థానిక సంస్థలు విధించి వసూలు చేసికొను మేరకే నిలిపినది. శాసనసభ తలచినచో సినిమా చూచువాడిచ్చు కాసులలో కొంత ఆటస్థలమునకే ముడిపడునట్లు చేయవచ్చును.

కోట్ల వ్యయముతో మెట్లవరుసల స్టేడియమును మేము కోరుటలేదు. అట్టిచోట చూచువారు వేలు, ఆడువారు ఇరువదిమంది. కావలసినది చదునైన నేల, ప్రహరి, త్రాగునీరు, దీపములు, ఆడపిల్లలు జంకు లేక వచ్చుటకు తగిన వేళలు, కాపలాదారు డొకడు. గద్వాల కోటలో డిగ్రీ కళాశాలయు, వనపర్తి రాజసౌధమున పాలిటెక్నికును నడుచుచున్నవి. సంస్థానాధీశుల కట్టడములే ప్రజల పరమైన యీ ఊళ్లలో, విద్యాశాఖ మైదానములను సాయంకాలము పట్టణవాసులకు తెరచుటకు ఒక ఒడంబడిక అసాధ్యము కారాదు.

ముందుగ మూడు పురపాలక సంఘములును తమ హద్దులలోని ఆటస్థలముల పట్టికను, లేఅవుట్లలో విడువబడిన ఖాళీ స్థలములతో సహా, సర్వే నంబర్లు చూపి గోడలపై అంటింపవలెను. ఏది ఎవరి స్వాధీనమున నున్నదో దానివలన జనులకు తెలియును. ఆటస్థలపు సెస్సును గూర్చి యీ మూడు జిల్లాల శాసనసభ్యులు సభలో ప్రశ్న వేయవలెను.