ఆయన పేరున ఆమె వేసే రిటర్ను

పుంగనూరులోనో మదనపల్లెలోనో రిటైరైన టీచరు ఒకాయన పోతే, దినాలు ముగిసేలోపే ఇంట్లో కాగితాల పని మొదలవుతుంది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ట్రెజరీలో ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు. వీటి గురించి చుట్టాల్లో ఎవరో ఒకరు చెబుతారు. ఆదాయపు పన్ను మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మనిషే పోయాక ఇంకా పన్నేమిటని అనుకుంటారు.

చట్టం అలా అనుకోదు. ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు దాకా ఆయనకొచ్చిన ఆదాయం పరిమితి దాటితే ఆయన పేరునే రిటర్ను వేయాలి. వేయాల్సింది భార్య, లేదా మరో వారసుడు. ముందుగా పన్నుశాఖ పోర్టల్లో వారసురాలిగా నమోదు కావాలి. ఆయన బాకీపడ్డ పన్ను తన మెడకు చుట్టుకుంటుందని చాలామంది తల్లులు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. ఆయన వదిలివెళ్లిన ఆస్తి విలువ మేరకే ఆమె బాధ్యత. ఆయన మరణంతో వచ్చిన జీవిత బీమా సొమ్ముకూ, వారసత్వంగా వచ్చిన ఆస్తికీ పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు.

ఆయన పోయిన మర్నాటి నుంచి వచ్చే ఆదాయం లెక్క ఆమెది. చిక్కంతా ఫిక్స్‌డ్ డిపాజిట్ల దగ్గర. బ్యాంకుకు చెప్పకపోతే వడ్డీ ఆయన పాన్ మీదే పడుతుంది, టీడీఎస్ కూడా ఆ పాన్ మీదే కోస్తారు. ఆదాయం ఆమెది, కోసిన సొమ్ము ఆయన లెక్కలో. తర్వాత సరిచేయించుకోవాలంటే ఎంత తిరగాలో! కొడుకు బెంగళూరు నుంచి వచ్చాక చూద్దామని కుప్పంలో ఆగిపోయే ఇళ్లకు నేను చెప్పేదొకటే: బ్యాంకుకు ఈ వారమే వెళ్లండి. ఇంటి స్థలం అమ్మే రోజున లాభం లెక్కకు ఆయన కొన్న ధరే తీసుకుంటారు కాబట్టి పాత దస్తావేజు నకలు ఇంట్లో ఉండాలి. ఆఫీసులో కాగితాలుంటాయిలే అనుకోవద్దు, 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌ కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయాయి కదా.

ఇవన్నీ తెలుసుకుంటే తీరే కష్టాలు. తెలిసినా తీరనిది ఒకటుంది. కొత్త పన్ను విధానంలో పెన్షనరుకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. ఆయన పోయి పెన్షన్ ఆమెకు మారగానే చట్టం దాన్ని జీతం కాదంటుంది, ఇతర ఆదాయమంటుంది. అప్పుడు దొరికే తగ్గింపు పెన్షన్‌లో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది. ఏడాదికి 4,50,000 పెన్షన్ అనుకోండి. ఆయనకైతే 3,75,000 ఆదాయం, 4 లక్షల పరిమితి లోపు కాబట్టి రిటర్నే అక్కర్లేదు. అదే సొమ్ము ఆమెకు 4,25,000 అవుతుంది. పన్ను సున్నా అయినా రిటర్ను వేయక తప్పదు. నలభై ఏళ్ల సంసారంలో బ్యాంకు మెట్లెక్కని మనిషికి, ఆయన లేని ఏడాదిలోనే ఈ పని అంటగట్టడం అన్యాయం. ఫ్యామిలీ పెన్షన్‌కూ 75,000 తగ్గింపే ఉండాలి.

మదనపల్లె, పుంగనూరు రాజంపేట లోక్‌సభ స్థానంలో ఉన్నాయి, కుప్పం చిత్తూరులో ఉంది. వచ్చే బడ్జెట్‌కు ముందే ఆ ఇద్దరు ఎంపీలూ ఆర్థికమంత్రిని ఈ మాట అడగాలి.