వేగం నేర్చుకోవాలంటే పూర్తిగా నేర్చుకోండి

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము, ఓపికగా చదవండి.

మన సోమేనహళ్ళి చుట్టుపక్కల పిల్లకాయలు 44వ నంబరు హైవే మీదికి పోయి, బండి ముందు చక్రం పైకెత్తి తోలి, ఆ వీడియో ఈ గుంపులోనే పెడుతున్నారు. కింద పెద్దవాళ్ళు కూడా చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. అడిగితే "రేసు తాతా" అంటున్నారు. సరే, రేసు అంటే ఏమిటో బాగా తెలిసిన ఒక చిన్న దేశం గురించి చెబుతాము.

ఆ దేశం స్కాట్లాండు. జనాభా సుమారు 55 లక్షలు, బెంగళూరులో సగం కూడా లేదు. కానీ మనం బండి ఎక్కిన ప్రతిసారీ ఆ దేశంవాళ్ళ పని మన కింద ఉంటుంది. కంకర పరిచి గట్టిపరిచే రోడ్డుకు పేరు తెచ్చిన మెకాడమ్ అక్కడివాడు. 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్న థామ్సన్ అక్కడివాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా పోవాలని అదే ఆలోచనను మళ్ళీ పట్టుకుని 1888లో పేటెంటు తీసుకున్న డన్‌లప్ కూడా అక్కడ పుట్టిన పశువుల డాక్టరే. మన ఎద్దుల టైరుబండి కూడా వాళ్ళ చలవే. మద్రాసు మౌంట్ రోడ్డులో సింప్సన్ కంపెనీ చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. 1840లో దాన్ని గుర్రబ్బండ్లు కట్టే చోటుగా మొదలుపెట్టింది స్కాట్లాండు మనిషే. 1903లో అక్కడే ఆవిరితో నడిచే కారు కూడా తయారైంది.

ఇక రేసులు. జిమ్ క్లార్క్ అని ఒక రైతు. గొర్రెలు మేపుకునే కుటుంబం. 1963, 1965 సంవత్సరాల్లో ప్రపంచ విజేత. ఫార్ములా వన్‌లో 72 పోటీల్లో 25 గెలిచాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలో హాకెన్‌హైమ్ అనే చోట ఒక చిన్న పోటీలో కారు అదుపు తప్పి చెట్లలోకి పోయింది. ట్రాక్ పక్కన అడ్డుకంచె లేదు. 32 ఏళ్ళకే పోయాడు. అతనంతటి చేయి తిరిగిన డ్రైవరు ఆ రోజుల్లో లేడని అందరూ ఒప్పుకున్నారు. చేయి తిరిగినంత మాత్రాన చెట్టు పక్కకు జరగదు గదా!

అతని స్నేహితుడు జాకీ స్టీవర్ట్. అక్షరాలు సరిగా చదవలేక బడిలో మొద్దు అనిపించుకున్నవాడు. మూడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. 1966లో బెల్జియంలో వానలో అతని కారు రోడ్డు తప్పి పడింది. ఒంటినిండా పెట్రోలు, స్టీరింగు కింద కాళ్ళు ఇరుక్కున్నాయి, సుమారు 25 నిమిషాలు అలాగే. దగ్గర డాక్టరు లేడు. తోటి డ్రైవర్లు చూడవచ్చినవాళ్ళ దగ్గర స్పానరు అడిగి తెచ్చి విప్పి బయటికి లాగారు. ఆ తర్వాత ఆయన సీటుబెల్టు కావాలి, అడ్డుకంచెలు కావాలి, డాక్టరు, అంబులెన్సు సిద్ధంగా ఉండాలి అని పట్టుబట్టాడు. పిరికివాడన్నారు. రేసులో మజా పోగొడుతున్నాడన్నారు. ఆయన లెక్కచేయలేదు. పిరికివాడైతే 27 గ్రాండ్ ప్రీలు ఎలా గెలుస్తాడు?

ఆయన వాదం మాకు బాగా అర్థమవుతుంది. మేము రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాళ్ళం. పాత రెక్క సిగ్నల్‌కు తీగ తెగితే, రెక్క దానంతట అదే "ఆగు" అనే వైపుకు పోతుంది. మనిషి పొరపాటు చేస్తాడు, ఇనుము విరుగుతుంది, అయినా ప్రాణం పోకూడదు. రైల్వేలో ఇది మొదటి పాఠం. మన హైవేకు ఈ పాఠం ఇంకా ఎక్కలేదు.

2023 అక్టోబరు 26 మరిచిపోయారా? పొద్దున్నే పొగమంచు. చిక్కబళ్ళాపుర దగ్గర రోడ్డు పక్క నిలిపిన ట్యాంకరును నిండా జనం ఉన్న సుమో గుద్దింది. 12 మందికి పైగా పోయారు. ఆంధ్ర వైపు నుంచి బెంగళూరుకు బతుకుతెరువుకు పోతున్నవాళ్ళే ఎక్కువ. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ప్రతిసారీ "డ్రైవరు నిర్లక్ష్యం" అని రాసి ఫైలు మూసేస్తే సరిపోదు. ఆ లారీ అక్కడెందుకు నిలిచింది, దాని వెనక మెరిసే పట్టీ ఉందా, బండిలో ఎంతమందిని కుక్కారు అని కూడా అడగాలి.

కాబట్టి మా మాట ఇది. పిల్లకాయల్లారా, రేసు మీద ప్రేమ ఉంటే మంచిదే. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కరి ట్రాక్‌లో పద్ధతిగా జరుగుతుంది. హెల్మెటు, బెల్టు, డాక్టరు లేకుండా అక్కడ ఎవరినీ దిగనివ్వరు. ఎదురుగా పాలబండి, గొర్రెల మంద వచ్చే రోడ్డు రేసు ట్రాక్ కాదు.

పెద్దలకు ఇంకో మాట. చప్పట్ల బొమ్మలు ఆపండి. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. దెబ్బ తగిలినవాళ్ళను చూస్తే 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి చేర్చండి. సాయం చేసినవాళ్ళను పోలీసులు వేధించకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, భయం వద్దు. హైవే పక్క లారీలు నిలిపే చోట్ల మీద మన సంఘం తరఫున తాలూకా ఆఫీసుకు అర్జీ పెడదాం. రాసే పని మేము చేస్తాము. సంతకాలకు మీరు రండి.