ఏడాది మాస్టర్స్: మూడవ వంతు వేసవిలోనే ఉన్నది

అల్ రయ్యాన్‌లోని ఎడ్యుకేషన్ సిటీ మీదుగా ప్రయాణించని తెలుగు కుటుంబం ఖతర్‌లో అరుదు. పిల్లలు పన్నెండవ తరగతికి వచ్చేసరికి ఆ భవనాలను చూపించి పై చదువుల మాట ఎత్తడం మన ఇళ్ళలో పరిపాటి. అక్కడి విదేశీ విశ్వవిద్యాలయాలు అధికభాగం అమెరికావి. కాని బ్రిటిష్ మాస్టర్స్ చదువుకు కూడా కొంతకాలం అక్కడ చిరునామా ఉండేది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ తన శాఖలో 2012లో తొలి విద్యార్థులను చేర్చుకొని, గ్రంథాలయ శాస్త్రం, పురావస్తు శాస్త్రం వంటి విషయాలు బోధించి, 2020లో దానిని మూసివేసింది. ఈనాడు మన పిల్లల్లో పలువురు అటువంటి చదువు కోసం బ్రిటన్‌కే వెళ్తున్నారు.

వెళ్ళేముందు ఇంట్లో వినిపించే మాట ఒకటే: "ఒక్క ఏడాదే కదా!" ఆ మాటలో ఖర్చు తగ్గుతుందన్న ఊరట ఉన్నది, చదువు సగమే అన్న అనుమానమూ ఉన్నది. రెండవది నిజం కాదని లెక్క చెబుతున్నది.

బ్రిటిష్ మాస్టర్స్ పట్టాకు 180 క్రెడిట్లు కావాలి. ఒక్కొక్క క్రెడిట్ పది గంటల శ్రమకు కొలత. అంటే మొత్తం 1800 గంటలు. సెప్టెంబరు నుంచి మరుసటి సెప్టెంబరు వరకు, మధ్యలో పెద్ద సెలవులేవీ లేకుండా, వారానికి దాదాపు ఉద్యోగమంత పని. పదిహేను క్రెడిట్ల పాఠ్యాంశమొకటి తీసుకుంటే దానికి 150 గంటలు. అందులో తరగతి గదిలో గడిచేది కొద్ది భాగమే. మిగిలినదంతా గ్రంథాలయంలోనో, ప్రయోగశాలలోనో, తన గదిలోనో విద్యార్థి స్వయంగా పూరించవలసినది. వారానికి పది పన్నెండు గంటలే తరగతులున్నాయని విని, తక్కిన కాలమంతా చిన్న ఉద్యోగానికి వినియోగించవచ్చునని లెక్కవేసేవారు ఇక్కడే పొరబడుతున్నారు.

ఈ 180లో 120 క్రెడిట్లు సాధారణంగా మే, జూన్ నెలల నాటికి పూర్తి అవుతాయి. మిగిలిన 60, అనగా సరిగ్గా మూడవ వంతు, వేసవిలో వ్రాసే పరిశోధనా వ్యాసానివి. వ్యాసం పూర్తి చేయనివారికి 120 క్రెడిట్లకు డిప్లొమా మాత్రమే దక్కుతుంది. మాస్టర్స్ పేరు ఆ వ్యాసంతోనే వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. బడులకు సెలవులిచ్చేది జులై, ఆగస్టు మాసాలలో. శ్రావణమాసంలో పెళ్ళిళ్ళు. ఊరికి ప్రయాణం. "తరగతులు అయిపోయాయిగా, నువ్వూ రా" అని పిల్లవాడికి కబురు. మా అన్నయ్యగారి అబ్బాయి విషయంలో జరిగినది ఇదే. పెళ్ళి పందిట్లో ఒళ్ళో కంప్యూటరు పెట్టుకొని కూర్చున్నాడని బంధువులు ముచ్చటపడ్డారు. వాడికి గడువు మూడు వారాలే ఉన్నదని తెలిసినది నాకూ వాడికీ మాత్రమే.

వేసవిలో మార్గదర్శక అధ్యాపకునితో సమావేశాలు వేళ్ళమీద లెక్కించదగినన్నే. విషయాన్ని వసంతంలోనే నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు, ఖతర్‌లో ఎండాకాలపు ఆరుబయటి శ్రమపై కార్మికులను ప్రశ్నించి వ్యాసం వ్రాయాలని ఒక విద్యార్థి సంకల్పించాడనుకుందాం. మంచి విషయం, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పది గంటల నుంచి మూడున్నర వరకు బయటి పనిని నిషేధిస్తూ 2021లో ఇక్కడ నియమం వచ్చినది కూడాను. కాని మనుషులను ప్రశ్నించే పరిశోధనకు ముందుగా విశ్వవిద్యాలయపు నైతిక అనుమతి పొందవలసి ఉంటుంది. దానికి వారాలు పడుతుంది. అనుమతికి ముందు సేకరించిన సమాధానాలు వ్యాసానికి పనికిరావు. దోహాలో దిగిన తరువాత దరఖాస్తు పెడితే కాలం మించిపోయినట్లే.

ఇక మార్కుల సంగతి. ఇంటర్మీడియట్‌లో వెయ్యికి తొమ్మిది వందల డెబ్బై చూచిన కళ్ళకు 62 అన్న అంకె గుండె ఆగినట్లుంటుంది. మా అన్నయ్య ఆ రాత్రి ఫోనులో పది నిమిషాలు మౌనంగా ఉన్నాడు. అక్కడ 50 ఉత్తీర్ణత, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. 80 దాటడం అపురూపం. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్లు వ్రాసిన జవాబు 50ల చుట్టూ నిలుస్తుంది. ఇద్దరు పరిశోధకుల వాదాలు ఎక్కడ విభేదిస్తున్నాయో గుర్తించి, తన నిర్ణయానికి కారణం చెప్పగలిగినప్పుడే పైకి వెళ్తుంది. వ్యాసాన్ని మామూలుగా ఇద్దరు అధ్యాపకులు దిద్దుతారు. ఆపైన మరొక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బాహ్య పరీక్షకుడు కొన్నింటిని పరిశీలించి ప్రమాణాలు సరిగా ఉన్నవో లేవో చెబుతాడు. ఈ ఏర్పాటు నాకు నచ్చినది. మన విశ్వవిద్యాలయాలలో మార్కులు ధారాళమైనంతగా ఈ విధమైన పరిశీలన కనబడదు.

భారతదేశంలో ఈ పట్టాకు విలువ ఉండదన్న భయం మాత్రం ఇప్పుడు పాతబడినది. 2022 జులైలో భారత్, బ్రిటన్‌ల మధ్య అర్హతల పరస్పర గుర్తింపుకు ఒప్పందం కుదిరి, ఏడాది మాస్టర్స్‌కు మార్గం ఏర్పడినది. 2024లో మన విశ్వవిద్యాలయ నిధుల సంఘమే నాలుగేళ్ళ డిగ్రీ చదివినవారికి ఏడాది స్నాతకోత్తర కోర్సుకు నమూనా ప్రకటించినది.

అయినప్పటికీ ఈ చదువు అందరికీ తగినదని నేను అనను. డిగ్రీలో ఒక శాస్త్రం చదివి మాస్టర్స్‌లో మరొకదానికి మారదలచినవారికి రెండేళ్ళ కోర్సే మేలు. పునాది వేసుకునే వ్యవధి ఏడాదిలో దొరకదు. మొదటి పది వారాలు దేశం అలవాటు కావడానికే పోతాయి, అప్పటికి తొలి వ్యాసాల గడువు వచ్చి నిలబడుతుంది.

మా అన్నయ్యగారి అబ్బాయికి చివరకు వ్యాసంలో 64 వచ్చినది. వాడి చెల్లెలు వచ్చే సెప్టెంబరులో బయలుదేరుతున్నది. ఆ పిల్ల వ్యాసం సమర్పించవలసిన తేదీ తెలిసేవరకు మరుసటి శ్రావణానికి టిక్కెట్లు కొననని మా వదిన ఇప్పటికే చెప్పివేసింది.