తేల్చుకోలేదని బిడ్డను తప్పుపట్టకండి

మొన్న ఒక తల్లీబిడ్డా మక్తల్‌లో మా దగ్గరికి వచ్చిన్రు. బిడ్డ గురుకులంలో బైపీసీ చదివింది. చేతిలో మూడు సీట్లు: తిరుపతి ఐసర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ. మన వాడ నుంచి ఒక్క సీటు రావడమే పండుగ, మూడొచ్చినయి. "ఏం చదువుతవ్ బిడ్డా?" అని అడిగినం. "ఇంకా తెల్వదు సార్" అన్నది. తల్లి నెత్తి కొట్టుకున్నది. "కైకిలికి పోయి సాదిన. గింత సదివి తెల్వదంటదేంది సారూ!"

తెల్వదనడం నేరమా? పెద్దకులపు పిల్లవాడు ఆ మాటంటే "ఆలోచిస్తున్నాడు, తొందరేముంది" అంటరు. మన బిడ్డ అంటే "బుర్రలేదు, రిజర్వేషన్ సీటు గదా" అంటరు. వాళ్లింట్లో తాత వకీలు, మేనమామ డాక్టరు, చిన్నాయన కొడుకు అమెరికాలో. ఏ చదువు ఎటు పోతదో అన్నం తినుకుంటనే తెలుస్తది. మన వాడలో మానవశాస్త్రమనే చదువొకటి ఉందని ఎవరు చెప్పిన్రు? తినని కూర రుచి చెప్పమంటే ఎట్ల చెప్తది?

మేమూ అట్ల వచ్చినోళ్లమే. మా ఇండ్లల్లో మొదటి డిగ్రీలు మావి. హాస్టల్లో సీటు దొరికిన ఊరే మా కాలేజీ, ఆ కాలేజీలో ఖాళీ ఉన్న గ్రూపే మా సబ్జెక్టు. ఆ తర్వాత బీఎడ్. పంతుళ్లమైనంక మన పిల్లలకూ ఇంజనీరింగ్, నర్సింగ్, బీఎడ్, పోలీసు అని నాలుగే బాటలు చూపినం. ఆ తప్పు మాది. ఒప్పుకుంటున్నాం.

బాబాసాహెబ్‌ను చూడండి. 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. ప్రధానంగా అర్థశాస్త్రం చదివిండు. అంతటితో ఆగలేదు. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తరగతుల్లోనూ కూర్చున్నడు. 1916 మేలో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఆయన చదివిన వ్యాసం అర్థశాస్త్రం తరగతిలోది కాదు, మానవశాస్త్రం సెమినార్‌లోది. పక్క గదిలోకి తొంగిచూసే వీలు లేకుంటే ఆ వ్యాసం వచ్చేదా? అయితే ఇంకో సంగతీ మరువొద్దు. ఆ వీలు బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ గడువు తీరంగనే 1917లో లండన్ చదువు నడుమన ఆపి వెనక్కి రావాల్సి వచ్చింది. మళ్లీ 1920లో గానీ పోలేకపోయిండు. పది శాస్త్రాలు రుచి చూడాలంటే కడుపు నిండాలె, ఫీజు కట్టాలె. అంబేద్కరంతటోడికే తప్పలేదు.

ఇగ మూడు సీట్ల ముచ్చట. పెద్ద పేరున్నదానికి పోవాలని చుట్టాల మాట. మేం ఆ లెక్క ఒప్పుకోం. ఏం చదవాలో తేలని బిడ్డ మొదట అడగాల్సింది ఒకటే: అక్కడ సబ్జెక్టు ఎప్పుడు తేల్చమంటరు? ఐసర్‌లో ఐదేండ్ల కోర్సు. మొదట్ల జీవ, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలన్నీ అందరూ చదువుతరు, ఆ తర్వాత తేల్చుకుంటరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేండ్ల కోర్సులో సీటు సబ్జెక్టు పేరుతోనే ఇస్తరు గానీ మొదటి ఏండ్లలో పక్క సబ్జెక్టులూ చదవాలె. ఢిల్లీ ఆనర్స్‌లో సీటుతోనే సబ్జెక్టు ఖాయం. తర్వాత మారుడు కష్టం.

అసలు మోసం ఇంకా ముందే ఉన్నది. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు సీయూఈటీ పరీక్ష వచ్చింది. ఏ సబ్జెక్టుల్లో పరీక్ష రాస్తవో దరఖాస్తు నాడే రాయాలె. ఆ నాడు పెట్టని టిక్కుతో కొన్ని కోర్సుల తలుపులు మూసుకపోతయి. పట్నంలో కోచింగ్ ఉన్నోడికి ఇది తెలుసు. మన పిల్లలు నెట్ సెంటర్ల కూసున్నోడు చెప్పిన టిక్కు పెడ్తున్నరు. అంటే తేల్చుకునుడు ఫలితాల నాడు కాదు, ఫారం నాడే అయిపోతున్నది!

పేరు చూసి మురిసిపోవద్దనడానికి ఇంకో కారణం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం పోయింది. హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురిలో అతనొకడు. రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి అతని ఆఖరి ఉత్తరంలో ఉన్నది. బిడ్డల్ని భయపెట్టి ఇంట్ల కూసోబెట్టడానికి ఇది రాస్తలేం. అదే ఆవరణలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉన్నది, చెయ్యి పట్టుకునే అన్నలు, అక్కలు ఉన్నరు. ఏ యూనివర్సిటీకి పోయినా ఈ నాలుగూ అడిగి పోవాలె: హాస్టల్ ఖాయమా? స్కాలర్‌షిప్ పైసలు ఆలస్యమైతే మెస్సు బంద్ చేస్తరా? మొదటి ఏడు తప్పినోళ్లకు పాఠం చెప్పే దిక్కున్నదా? మనోళ్లు ఎందరున్నరు?

"ఐదేండ్లు ఎవరు సాదుతరు? మూడేండ్ల డిగ్రీ చేసి నౌకరీ చూసుకోవాలె" అనే తల్లిదండ్రుల మాటలో న్యాయముంది. అందుకే నడుమ పట్టా తీసుకొని బయటికొచ్చే వీలున్నదా అన్నదీ అడగాలె. దూరం పోలేనోళ్లకు 2008లో వచ్చిన పాలమూరు యూనివర్సిటీ ఉన్నది. దగ్గర చదివితే చిన్నతనం కాదు.

ఆ బిడ్డను ఇంకొకటి అడిగినం: "ఏ పాఠం చదివిన్నాడు నిద్ర పట్టలేదు?" కొంచెంసేపు ఆగి చెప్పింది. "నల్లగొండ నీళ్లల్ల ఫ్లోరైడు ఎముకలను ఎట్ల వంచుతదో తెలుసుకోవాలని ఉన్నది సార్. మంచినీళ్ల పైపు మన వాడకే ఎందుకు ఆఖర్న వస్తదో అదీ తెలుసుకోవాలని ఉన్నది." మొదటిది రసాయన శాస్త్రం, రెండోది సమాజ శాస్త్రం. ఈ బిడ్డకు తెల్వదన్నదెవరు? ఆమె ప్రశ్న ఒక డిపార్ట్‌మెంటులో పట్టేది కాదు, అంతే.

ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఆమె తేల్చుకోలేదు. హాస్టల్ మాట తేలక ఢిల్లీని పక్కన పెట్టింది. తిరుపతి, హైదరాబాద్ మిగిలినయి. సీటు పైసలు కట్టే గడువు నాలుగు రోజులున్నది. ఎటు పోవాల్నో ఆమె చెప్తది, పైసలు మనం జమచేద్దాం. నౌకర్లున్న మనోళ్లంతా దీన్ని బాకీ అనుకోండి. వచ్చే ఏడు సీయూఈటీ ఫారాలు వచ్చేనాటికి ప్రతి ఎస్సీ హాస్టల్‌కు, గురుకులానికి మనలో ఒకరు పోయి పిల్లల పక్కన కూసోవాలె. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీయించాలె.

తేల్చుకునేందుకు కొంత కాలం కావాలని అడగడం మన బిడ్డల హక్కు. ఆ కాలాన్ని సంపాదించి పెట్టుడు మన పని.

జై భీమ్!